మా యింటి రైలు కూటము

మా వాకాటికి రైలు లేదు. స్వర్ణముఖి గట్టున నున్న యీ యూరినుండి బండి యెక్కదలచినవారు కోట మీదుగా గూడూరునకు గాని, మరియొక దారిని నాయుడుపేటకు గాని బస్సులో పోవలెను. చెన్నపట్టణమునుండి బెజవాడకు రైలుమార్గము 1899లో పూర్తియైనప్పుడు అది మమ్ము విడిచి పడమటగా సాగిపోయినది. అంతకు ముందు మా ప్రాంతపు సరకులు తూర్పుననున్న బకింగుహాము కాలువలో పడవలమీద పట్టణమునకు పోయెడివి. ఆ కాలువ వర్తకము క్రమముగా నశించినది. దానికి మారుగా రైలు మాత్రము మా యూరికి రాలేదు. 2022వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన జరిగి నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాలోనికి మారితిమి గాని, ఇంజను కూత వినవలెనన్న నేటికిని గూడూరి దారి పట్టవలసినదే.

అట్టి యూరిలో నెలకొకసారి, మొదటి ఆదివారమునాడు, మా యింటి సావడిలో పదునైదుగురు చేరి రైలు నడుపుదురని చెప్పినచో సోదరీమణులు నవ్వవచ్చును. మేమును మొదట నవ్వితిమి, తరువాత విసుగుకొంటిమి, ఆ తరువాత జరిగినది మా మనస్సును విడువక యున్నది గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా మామగారు రైల్వేలో స్టేషనుమాస్టరుగా ముప్పదియైదేండ్లు పనిచేసిరి. అందులో ఎక్కువ కాలము ధర్మవరము, పాకాల మార్గమునందలి చిన్న స్టేషనులలోనే గడిచినది. ఆ మార్గ మప్పుడు మీటరుగేజి, ఒంటి దారి. పోవు బండికిని వచ్చు బండికిని పట్టాలు ఒక్కటే. ఆయన 2012లో ఉద్యోగము చాలించి వాకాటికి వచ్చి, తోట చూచుకొనుచు, అత్తగారి తోడి మాటలతో ప్రొద్దు పుచ్చుకొనుచు సుఖముగా నుండిరి. 2020లో అత్తగారు పోయిరి. అప్పటినుండి ఆయనకు మాట తగ్గినది, ఆకలి తగ్గినది. రాత్రి రెండు గంటలకు లేచి మంచముమీద కూర్చుండెడివారు. "నిద్ర పట్టలేదా మామయ్యా?" అని యడిగిన, "గూడ్సు పోవు వేళ, అమ్మాయీ" అనెడివారు. ఆ వేళకు పోవలసిన గూడ్సు ఏ యూరిదో, ఏ నాటిదో మేమెట్లెరుగుదుము?

ఇంటిలో నింకొకరు కూడ గలరు. వారు మామగారి చెల్లెలు. మేము అత్తయ్య యని పిలుతుము. పిల్లలు చిన్నవ్వ యందురు. చెన్నపట్టణమున కాపురముండి, ముప్పదియొకటవ యేట భర్తను పోగొట్టుకొని, బిడ్డలు లేనందున అన్నగారి యింటికి వచ్చిరి. మేము కోడలినై వచ్చునప్పటికే వంటయింటి వెనుకగది వారిది. పాలు కొలుచుట, పప్పులు బాగుచేయుట, ఊరగాయల జాడీలు ఎండకు త్రిప్పుట వారి పని. వారి కొలత తప్పుట మే మెన్నడును చూడలేదు. వారు గొంతెత్తి మాటలాడుటయు వినలేదు.

2022లో మా పెద్దవాడు చెన్నపట్టణమున ఉద్యోగములో చేరి, మొదటి జీతములో తాతగారి కొరకని ఒక పెట్టె తెచ్చినాడు. అందులో జానెడు పొడవు గల యింజను, రెండు పెట్టెలు, కొన్ని పట్టాల ముక్కలు, విద్యుత్తు నడుపు చిన్న డబ్బా యొకటి యున్నవి. దాని వెల విని మేము నోరు తెరచితిమి. మా యింటి రెండు నెలల వెచ్చములకు సరిపోవు సొమ్ము. మామగారు ఆ యింజనును చేతిలోనికి తీసికొని యటునిటు త్రిప్పి చూచి, కొలబద్ద తెమ్మనిరి. పట్టాల నడుమ కొలిచి, "ఇది మన బండి కాదురా" అనిరి. మన దేశపు పెద్దమార్గమున రెండు పట్టాల నడుమ దూరము 1676 మిల్లీమీటర్లు. ఈ బొమ్మబండి నిజమైన దానిలో 87వ వంతు. ఆ లెక్కన 19 మిల్లీమీటర్లకు పైగా రావలెను. కాని యున్నది 16న్నరయే. అది ఐరోపాలో వాడుక యైన 1435 మిల్లీమీటర్ల పట్టాలకు సరిపడు కొలత. ఈ సంగతి ఆయన అరగంటసేపు వివరించిరి. రెండేండ్లలో ఆయన నోట అన్ని మాటలు మేము విని యుండలేదు. పిల్లవాడు తెచ్చిన కానుకకంటె అందులోని తప్పే ఆయనకు ఎక్కువ మేలు చేసినదని అప్పుడు అనుకొంటిమి.

పట్టాలెట్లున్నను బండ్లు మనవి కావలెనని ఆయన పట్టుబట్టిరి. మరుసటి నెల మొదటి ఆదివారమున బడిలో లెక్కలు చెప్పు మాస్టరుగారు అట్టలు కొలిచి కోయుటకు వచ్చిరి. ఒక వడ్రంగి బల్లలు చేయుటకును, కరెంటు పని చేయు కుర్రవాడు తీగలు కలుపుటకును వచ్చిరి. వారిని చూచి వీధిలోని మగపిల్లలందరును చేరిరి. ఆ దినమునుండి నెల తప్పక కూటము జరుగుచున్నది. దానికి పేరు లేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. ఊరివారు "రైలోళ్ల మీటింగు" అందురు.

ఇట్టి కూటములు లోకమున క్రొత్తవి కావు. జర్మనీ దేశమున మేర్క్లిన్ వారు 1891లోనే లైప్‌జిగ్ సంతకు పట్టాలతో కూడిన రైలు బొమ్మలను తెచ్చిరి. ఇంగ్లండులో హార్న్‌బీ వారి గడియారపు స్ప్రింగు బండ్లు 1920లో బయలువెడలినవి. లండను నగరమున పెద్దవారే చేరి 1910లో చిన్నరైళ్ల సంఘమును స్థాపించుకొనిరి. అది నేటికిని నడచుచున్నది. మన దేశమున పూనాలో భావూ జోషి గారు జీవితమంతయు శ్రమించి కూర్చిన చిన్నరైళ్ల ప్రపంచము 1998లో ప్రజలు చూచుటకు తెరువబడినది. ఈ బండ్ల యంత్రము మిక్కిలి సులువైనది. పండ్రెండు వోల్టుల విద్యుత్తు రెండు పట్టాలలో ప్రవహించును. చక్రముల మూలమున ఇంజనులోని చిన్న మోటారునకు చేరును. డబ్బాపై మర త్రిప్పిన వేగము హెచ్చును, తగ్గును. విద్యుత్తు దిక్కు మార్చిన బండి వెనుకకు పోవును. పండ్రెండు వోల్టులే గనుక పట్టాలు తాకినను పిల్లలకు భయము లేదు.

అయితే చోటు మాత్రము చాల కావలెను. మనము గూడూరులో చూచునట్టి యిరువదిరెండు పెట్టెల బండిని ఈ కొలతకు దింపినను ఆరు మీటర్ల పొడవగును. గూడూరునుండి నెల్లూరునకు గల సుమారు 38 కిలోమీటర్ల దారిని ఇదే లెక్కన పరచవలెనన్న 430 మీటర్లకు పైగా పట్టాలు కావలెను. మా వీధి చాలదు. కావున అయిదు పెట్టెల బండ్లు రెండు, స్టేషనులు రెండు, వాని నడుమ ఒంటి దారి యని నిర్ణయించిరి. అంత మాత్రమునకే మా సావడి సగము నిండిపోయినది.

ఇక మా కష్టము చెప్పవలెను. మొదటి ఆదివార మనిన మాకు గుండె బరువుగా నుండెడిది. ప్రొద్దున తొమ్మిది గంటలకు కాఫీ, పదకొండింటికి వడలు, మరల కాఫీ, ఒంటిగంటకు అందరికిని భోజనములు. సావడినిండ అట్టముక్కలు, జిగురు మరకలు. మేము పళ్లెములు పట్టుకొని లోపలికి పోయినప్పుడు మాటలాపి త్రోవ యిచ్చి, మేము వెలుపలికి రాగానే మరల మాటలు. మా అమ్మాయి పండ్రెండేండ్ల పిల్ల; మర త్రిప్పుదునని యడిగిన, "నీకు రాదులే" అని పిల్లలు త్రోసివేసిరి. అది వంటయింటికి వచ్చి మా కొంగు పట్టుకొని, "అమ్మా, వాళ్ల కొండ కొండలా లేదు" అన్నది. పోయి చూచితిమి. నిజమే. అట్టను మడిచి పచ్చరంగు పూసి కొండ యన్నారు. చెరువున్నచోట నీలపు కాగితము.

దసరాకు బొమ్మల కొలువు తీర్చు మన కది కొండ యగునా? అద్దము పరచి అంచున ఇసుక పోసినచో చెరువు. రాగులు తడిపి మట్టిలో చల్లి నాలుగు దినము లుంచినచో పైరు. పాత పంచెను గంజిలో ముంచి రాళ్లమీద కప్పి ఆరవేసినచో కొండ. ఈ విద్య మన యవ్వలు ఏ సంఘమును స్థాపించుకొనకయే చేయుచు వచ్చిరి. ఇది యిప్పటి మాట గాని, ఆ దినమున మాకు కోపమే వచ్చినది. ఏమియు చెప్పక కాఫీ గిన్నెలు తోముటకు పోయితిమి.

ఆ మరునెలలో మాకు జ్వరము వచ్చినది. కాఫీ తట్ట అత్తయ్య పట్టుకొని పోయిరి. అప్పుడు సావడిలో పెద్ద రగడ. రెండు వైపుల స్టేషనులలో నున్న పిల్లలు ఒకేసారి బండ్లు విడువగా అవి నడిదారిలో ఢీకొని రెండును పడిపోయినవి. ఇది మూడవసారి. మామగారు పిల్లలను కూర్చుండబెట్టి టోకెను సంగతి చెప్పుచుండిరి.

ఒంటి దారిలో బండ్లు ఢీకొనకుండ పాతరోజులలో ఏర్పాటొకటి యుండెడిది. ప్రతి రెండు స్టేషనుల నడుమ ఉభయత్ర ఒక్కొక్క యంత్ర ముండును, వానిలో ఉక్కుగుండ్లుండును. రెండు యంత్రములును తీగతో కలుపబడి యుండును. ఒక స్టేషనువారు గంటకొట్టి యడిగి, అవతలివారు సమ్మతించినప్పుడే ఒక గుండు వెలికి వచ్చును. అది మరల ఏదో యొక యంత్రములో పడువరకు రెండవ గుండు ఏ వైపునను రాదు. ఆ గుండును తోలుసంచిలో పెట్టి, బెత్తపు చట్రమునకు కట్టి డ్రైవరు చేతి కిత్తురు. చేతిలో గుండు లేని డ్రైవరు బండిని కదల్పరాదు. ఇప్పుడు చాలచోట్ల గుండ్లు పోయి వేరు పద్ధతులు వచ్చినవి గాని, మామగారు ఆ గుండ్లతోనే జీవితము గడపిరి.

"ఈ గుండు పిల్లల చేతికిచ్చిన లాభము లేదు. తొందరపడనివారు కావలెను" అని చుట్టును చూచి, గుమ్మములో తట్టతో నిలిచియున్న చెల్లెలిని చూచిరి. "నీవు కూర్చో" అనిరి. "నాకేమి తెలియునన్నా?" అని అత్తయ్య వెనుకకు తగ్గిరి. "పాలు కొలుచుట తెలియును గదా, అంతే" అనిరి మామగారు. సైకిలు కొట్టునుండి తెచ్చిన ఉక్కుగుండు ఒకటి, దానికి అత్తయ్యయే కుట్టిన గుడ్డసంచి యొకటి. ఆ దినమునుండి మా యింటి రైలుమార్గమునకు టోకెను వారి యధీనమైనది.

పిల్లలు ఎంత బ్రతిమాలినను వారు లొంగలేదు. ఒక బండి చేరి, గుండు తిరిగి వచ్చి, సంచిలో పడినగాని రెండవ బండికి సెలవులేదు. పిదప ఒక్క బండియు పడలేదు. మెల్లగా కొండ పనియు వారి చేతికే వచ్చినది. గంజిపంచెతో కొండ, అద్దముతో చెరువు, టెంకాయ పీచుతో గడ్డివాములు తయారైనవి. మా యమ్మాయి వారి ప్రక్కన చేరి మర త్రిప్పుటయు నేర్చినది. సముద్రపు టుప్పుగాలికి మా యూరిలో ఇత్తడి వెండి నల్లబడునట్లే పట్టాలును నల్లబడి విద్యుత్తు అందక బండ్లు ఆగిపోయెడివి. వారు మెత్తని పాతగుడ్డతో వారమున కొకసారి పట్టాలు తుడిచెడివారు. "తోమరాదు, గీతలు పడిన అందులో మురికి నిలుచును" అని పిల్లలకు చెప్పెడివారు.

ఒకనాటి సాయంకాలము అట్లు తుడుచుచు మాతో నొక మాట చెప్పిరి. భర్త పోయిన పదునైదవనాడు అన్నగారు వెంటబెట్టుకొని చెన్నపట్టణమునుండి గూడూరునకు బండిలో తీసికొని వచ్చిరట. "కిటికీ ప్రక్కనే కూర్చుంటిని. ఒక్కసారియైనను వెలుపలికి చూడలేదు. తల వంచుకొని వచ్చితిని" అనిరి. అంతకు మించి చెప్పలేదు, మేమును అడుగలేదు.

2023వ సంవత్సరము దసరా వచ్చినది. కొలువు తీర్చు చోటును రైలు పరచిన చోటును ఒక్కటే. బల్లలు విప్పెదనని మామగా రనిరి. మేమే వలదని, బల్లల వెనుకగా మెట్లు కట్టి బొమ్మలు పెట్టితిమి. దశావతారములు పైమెట్టున, పెండ్లివారు క్రింది మెట్టున, వారి ముందు రైలు. ఆ నెల కూటమును నవరాత్రులలోని ఆదివారమునకు జరిపిరి; పేరంటమును ఆ సాయంకాలమే పెట్టుకొంటిమి. రెండు దినముల వంట ఒక దినములో పోవునన్నది మా యాలోచన. అంతకంటె గొప్ప తలంపేదియు లేదు.

సోదరీమణులారా, ఇప్పుడు చెప్పబోవునది మాకు సిగ్గు గలిగించు సంగతి. పేరంటమునాడు మధ్యాహ్నము మూడు గంటలగునప్పటికి అత్తయ్య లేచి వెనుకగదికి పోయెడివారు. పొమ్మని యెవరు చెప్పిరి? మా అత్తగారు చెప్పలేదు. మామగారు చెప్పలేదు. మేమును చెప్పలేదు. వారంతట వారు పోయెదరు. వారి యిష్టమే గదా యని మేము ఆ తలుపు దగ్గరగా వేసెడివారము. ముత్తైదువులందరును వెళ్లిన పిమ్మట ప్రసాదము లోపలికి తీసికొనిపోయి యిచ్చెడివారము. ఇట్లు ఇరువదిమూడేండ్లు ఆ తలుపు మా చేతితోనే వేసితిమి.

ఆ దినమునను అట్లే జరిగినది. ఆడువారు నలుబదిమంది వరకు వచ్చిరి. కొలువు చూచి పాటలు పాడిన పిదప రైలు నడుపుమని పిల్లలు గోల చేసిరి. మామగారు స్టేషనుమాస్టరు టోపీ పెట్టుకొని నిలిచి గంట కొట్టిరి. అవతలి స్టేషనునుండి గంట మ్రోగినది. ఇక గుండు కావలెను. గుండు లేదు. సంచి అత్తయ్య నడుమున నుండిపోయినది.

"మర త్రిప్పితే పోవును గదా తాతా!" అని యొక పిల్లవా డన్నాడు. "పోవును. ఢీకొనుటకును పోవును. గుండు లేనిదే బండి కదలరాదు" అనిరి మామగారు. అది ఆట యన్న సంగతి ఆయన మరచిరో, మరచినట్లు నటించిరో మేమెరుగము. చేతులు వెనుకకు కట్టుకొని నిలుచుండిరి. ఆడువారందరును బండి వైపు చూచుచుండిరి. "చిన్నవ్వ యేదీ?" అని మా యమ్మాయి గట్టిగా నడిగినది.

మేము వెనుకగదికి పోయితిమి. అత్తయ్య దీపము వెలిగింపక మంచముమీద కూర్చుండి యుండిరి. మమ్ము చూడగానే నడుమునుండి సంచి తీసి, "మరచి తెచ్చితిని అమ్మాయీ, ఇచ్చి రా" అని చాచిరి. మేమును చేయి చాచితిమి. పుచ్చుకొని వచ్చినచో అంతటితో ముగిసెడిది; తలుపు మరల దగ్గరగా వేసి యుందుము. ఏమి తోచినదో, చేయి వెనుకకు తీసికొని, "గుండు చేతులు మారరాదట, మామయ్య మిమ్ములనే రమ్మన్నారు" అంటిమి. అట్టి నియమమును లేదు, ఆయన పిలువనును లేదు. రెండును మా కల్పనయే.

"వారందరు నున్నారు గదే" అనిరి. "ఉన్నారు. మీ కొరకే బండి నిలిచియున్నది" అంటిమి.

చాలసేపటికి లేచిరి. తలుపు దాటునప్పుడు మా చేయి పట్టుకొనిరి. ఆ చేయి చల్లగా నుండెను. సావడిలోనికి వచ్చునప్పటికి పాట ఆగిపోయినది. ఒక పెద్దామె చీర చెరగు దగ్గరకు తీసికొనెను. ఇంటిలో పని యున్నదని ఇద్దరు లేచి తాంబూలము పుచ్చుకొనకయే వెళ్లిరి. మాస్టరుగారి భార్య మాత్రము ప్రక్కకు జరిగి, "ఇట్లు రండి అత్తా, ఇక్కడనుండి మాకును కనబడును" అని చోటిచ్చెను. అత్తయ్య ఎవరివైపును చూడక స్టేషను దగ్గరకు పోయి గుండు అన్నగారి చేతిలో పెట్టిరి. ఆయన దానిని కన్నుల కద్దుకొని డ్రైవరైన మనుమరాలి కిచ్చిరి. బండి కదలినది. కొండ చుట్టి, చెరువు గట్టున పోయి, పెండ్లివారి ముందుగా వచ్చి నిలిచినది. పిల్లలు చప్పట్లు కొట్టిరి. వారి తల్లులును కొట్టిరి.

తాంబూలము లిచ్చునప్పుడు మాకు చేతులు వణకినవి. ఆకులు, వక్క, పండ్లు అత్తయ్యకు నిచ్చితిమి, పుచ్చుకొనిరి. పూలు ఇచ్చితిమి, మా యమ్మాయి తలలో పెట్టిరి. కుంకుమ భరిణ చూపితిమి. "అది వద్దులే అమ్మాయీ" అనిరి. మేము బలవంతము చేయలేదు. ఇయ్యకుండుట వేరు, ఇచ్చినప్పుడు వలదనుట వేరు. మొదటిది మేము చేసినది. రెండవది వారి యిష్టము. ఈ రెంటిని ఒకటిగా భావించి ఇరువదిమూడేండ్లు మేము నిశ్చింతగా నిద్రపోయితిమి.

దీనితో లోకము మారినదని చెప్పము. మా వీధిలో ఇప్పటికిని రెండిండ్లవారు మాత్రమే అత్తయ్యను పేరంటమునకు పిలుచుచున్నారు. నాడు లేచిపోయిన యిద్దరిలో నొకరు మరల వచ్చుచున్నారు. ఇంకొకరు మా గడప త్రొక్కలేదు. కాని ఒక సంగతి మాకు స్పష్టముగా తెలిసినది. మన పాత కూటములకు బొట్టుపెట్టి పిలుచుట ఆచారము. ఆ పిలుపు ఎంత తీయనిదైనను, పిలువబడనివారిని గడపకవతల నిలుపుచున్నది. బొమ్మరైలు కూటమునకు పిలుపు లేదు గనుక మినహాయింపును లేదు. అందుచేతనే మేము బుద్ధిపూర్వకముగా చేయలేకపోయిన పనిని ఆ యాట చేసినది. అయినను ఆటకే గౌరవ మంతయు నియ్యరాదు. అదే కూటములో మొదట మమ్ము కాఫీ తట్టలకును, ఆడపిల్లను గుమ్మమునకును పరిమితము చేసిరి గదా! బొంబాయిలోని మాటుంగా స్టేషనులో 2017లో ఉద్యోగులందరిని స్త్రీలనే నియమించిరని మామగా రొకనాడు చెప్పగా, "మన స్టేషనులో నెప్పుడు తాతా?" అని మా యమ్మాయి యడిగినది. ఆ నెలనుండి కూటమునకు వచ్చువారే వంతులవారీగా కాఫీ కాచుచున్నారు. మాస్టరుగారి కాఫీ నీళ్లవలె నుండును. అయినను కూర్చుండి త్రాగు కాఫీ గనుక మాకు రుచిగనే యున్నది.

ఇట్టి కూటమును పెట్టుకొనుటకు విశేష ధనము అక్కరలేదని చెప్పుట మా విధి. ఇంజను, పట్టాలు ఒకసారి కొనవలసినవే. అవియు లేకున్నను అట్టపెట్టెలకు గుండీల చక్రములు తగిలించి దారముతో లాగినను పిల్లలకు రైలే. తక్కినదంతయు ఇంటిలోని పాతగుడ్డలు, పీచు, ఇసుక, గంజి. కావలసినది నెలకొక దినము, ఎవరిని త్రోసివేయని సావడి.

క్రిందటి వేసవిలో పిల్లలను చెన్నపట్టణమునకు తీసికొనిపోయి, పెరంబూరునందలి రైలుపెట్టెల కర్మాగారమువారి మ్యూజియము చూపితిమి. 1955లో ప్రారంభమైన ఆ కర్మాగారము ప్రక్కనే పాత ఇంజనులు, పెట్టెలు నిలిపియున్నవి. మామగారు మీటరుగేజి పెట్టె యొకదానిని తాకి చాలసేపు నిలిచిరి. ఆయన ఇప్పటికిని రాత్రి రెండు గంటలకు లేతురు. అయితే లేచి దీపము వేసికొని, వచ్చు నెల బండ్ల వేళలపట్టిక వ్రాసికొందురు.

ఆ ప్రయాణమున గూడూరులో బండి యెక్కినప్పుడు కిటికీ ప్రక్క చోటు అత్తయ్యకిచ్చితిమి. నాయుడుపేట దాటినది, సూళ్లూరుపేట దాటినది. వారు కమ్మి పట్టుకొని వెలుపలికి చూచుచునే యుండిరి. దూరమున నీళ్లు మెరయగా, "ఇది యప్పుడును ఉన్నదా?" అని యడిగిరి. "ఉన్నది అత్తయ్యా" అంటిమి.

వచ్చు మొదటి ఆదివారము మా యింట కూటము కలదు. ఈసారి కాఫీ వంతు వడ్రంగిది.